గోలు కొట్టినంత సేపే

ముస్లింల సంస్కృతి మీద వ్యాసం రాయమని అడిగే సెక్యులర్ మిత్రులకి ఏం కావాలో నాకు తెలుసు. బిర్యానీ కావాలి, చార్మినార్ కావాలి, ముషాయిరా కావాలి, రంజాన్ రాత్రుల్లో హలీం బట్టీల పొగ కావాలి. మన పెద్దమనుషులకి ఏం కావాలో కూడా తెలుసు. నిజాం నగలు, పాయిగా మహళ్ళు, 'హమారే జమానే మే' అనే ఓ నిట్టూర్పు. ఈ రెండు జాబితాల్లోనూ మోకాలికి గుడ్డ చుట్టుకుని జీతం కోసం పరుగెత్తిన ముస్లిం ఎక్కడా కనపడడు. నేను రాస్తున్నది ఆ మనిషి గురించి. హైదరాబాద్ బస్తీల్లో పుట్టి, పోలీసు టీముకో, రైల్వే టీముకో, కలకత్తా క్లబ్బుకో కాళ్ళు అమ్ముకుని బతికిన ఫుట్‌బాల్ ఫార్వర్డ్ గురించి.

అమ్ముకోవడం అన్నానని నొచ్చుకోకండి. నేతపని వాడు చేతులమ్ముకుంటాడు. నేను ఉర్దూలో ఒక రేటుకి, తెలుగులో ఒక రేటుకి వాక్యాలమ్ముకుంటాను. అమ్ముకోవడంలో సిగ్గేం లేదు, కొన్నవాడు మరిచిపోవడంలో ఉంది సిగ్గు.

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ మీద 'పోలీస్ యాక్షన్' జరిగింది. ఆ సమయంలో, ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ చెప్పింది, అదీ చాలా తగ్గించి వేసిన అంచనా అని తనే రాసుకుంది. కొలువులు పోయాయి. దిక్కుతోచక కరాచీ రైలెక్కినవాళ్ళు ఎక్కారు. మిగిలినవాళ్ళు గొంతు తగ్గించుకుని బతికారు. అలాంటి ఊరి నుంచి, సరిగ్గా రెండేళ్ళకి, 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ గెలిచింది. అదే ఏడు డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది. మళ్ళీ 51, 52, 53, 54 రోవర్స్‌లు కూడా వాళ్ళవే. వరసగా ఐదేళ్ళు. చరిత్ర పుస్తకంలో 'పోలీస్ యాక్షన్' అన్న మాట మన పిల్లలందరికీ తెలుసు. పోలీస్ టీమ్ అన్న మాట ఎంతమందికి తెలుసు?

ఆ టీముని తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులు. దేశం జట్టుకీ ఆయనే కోచ్. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మనది నాలుగో స్థానం. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, అందరూ మన గల్లీలవాళ్ళే. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడాది జూన్‌లో రహీం క్యాన్సర్‌తో పోయారు. ఆయన మీద హిందీ సినిమా రావడానికి 2024 దాకా పట్టింది. అప్పుడు మన సెక్యులర్ మిత్రులు కొందరు 'అరే, మన హైదరాబాదే!' అని ఆశ్చర్యపోయారు. వాళ్ళ ఆశ్చర్యం చూసి నేను ఆశ్చర్యపోయాను.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. ఆ రోజుల్లో ఆటగాడికి పోలీసు కొలువు బహుమతి కాదు, బతుకు. ముందు కొలువిచ్చారు, ఆ కొలువు మీద ఆడమన్నారు. కాలు విరిగినా నెల తిరిగేసరికి జీతం వచ్చేది. ముప్ఫై రెండేళ్ళకి ఆట అయిపోతే ఠాణాలో డ్యూటీ ఉండేది, ఆ తర్వాత పింఛను ఉండేది. ఆ భరోసా ఉంది కాబట్టే పేద తండ్రి కొడుకుని మైదానానికి పోనిచ్చాడు. ఫార్వర్డ్ గాల్లోంచి ఊడిపడడు. ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న నమ్మకంలోంచి పుడతాడు.

ఆ భరోసాని కాదని వెళ్ళినవాడు మహమ్మద్ హబీబ్. హైదరాబాద్‌లో ఆరుగురు అన్నదమ్ములు, ఆరుగురూ ఫుట్‌బాల్ ఆడినవాళ్ళే. హబీబ్ 1966లో కలకత్తా వెళ్ళాడు. 1984 దాకా ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మధ్యే తిరిగాడు. కొలువులిస్తామన్నా వద్దన్నాడు, ఆటే నా ఉద్యోగం అన్నాడు. దేశంలో మొట్టమొదటి నికార్సయిన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అని ఆయన్ని అంటారు. ప్రొఫెషనల్ అనే మాటకి ఇక్కడ అర్థమే లేని రోజుల్లో ఆ మాట మీద బతికాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ జట్టు కెప్టెనూ మన హైదరాబాదీనే, సయ్యద్ నయీముద్దీన్. 1977లో పీలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వస్తే మోహన్ బగాన్ 2-2తో నిలబెట్టింది, ఆ రెండింట్లో ఒక గోలు హబీబ్‌ది. తమ్ముడు అక్బర్ అంతకు ముందు ఏడాది లీగు మ్యాచిలో ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకండ్లకే గోలు కొట్టాడు. తమ్ముడి గోళ్ళు, అన్న చెమట అని నాకనిపిస్తుంది. ఎందుకంటే హబీబ్ గోలు దగ్గర కాపు కాసి నిలబడే రకం కాదు. వెనక్కి వచ్చి బంతి లాక్కుని, ముందుకి అందించి, మళ్ళీ తనే పరుగెత్తేవాడు.

ఈస్ట్ బెంగాల్ స్టాండ్లలో కూచునేదెవరు? దేశవిభజనలో ఇల్లూ వాకిలీ వదులుకుని పద్మానది దాటి వచ్చిన హిందూ కాందిశీకులు, వాళ్ళ పిల్లలు. ముస్లింల పేరు వింటే పాత గాయం సలపాల్సినవాళ్ళు. వాళ్ళు హైదరాబాద్ ముస్లిం ఒకడిని 'బడే మియా' అని నెత్తిన పెట్టుకున్నారు. 1971 యుద్ధం నడిచిన ఏడాది కూడా ఆ ఎరుపు పసుపు జెర్సీలో అతను ఉన్నాడు. మీరనొచ్చు: చూశావా భాయ్, ఆటకి మతం లేదు!

ఆగండి. మతం లేనిది గోలుకి. గోలు కొట్టినవాడికి ఉంది. కొట్టినన్నాళ్ళూ అది ఎవరికీ కనపడదు, ఒక్క పెనాల్టీ బయటికి పోగానే కనపడుతుంది. మెసుట్ ఒజిల్ 2018లో జర్మనీ జట్టు వదిలేస్తూ గోడు వెళ్ళబోసుకున్నది ఇదే కదా. గెలిస్తే జర్మన్‌ని, ఓడితే వలసవాణ్ణి అని. అంత దూరం ఎందుకు, 2021 అక్టోబర్‌లో దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో మన క్రికెట్ జట్టు మొత్తం ఓడిపోతే, ద్రోహి అని తిట్లు తిన్నవాడు మహమ్మద్ షమీ ఒక్కడే. పదకొండు మంది ఓడిపోయారు, ఒక్కడే దొరికాడు.

కలకత్తా జనం ప్రేమ నిజం కాదని నేననను. మైదాన్‌లో చెమట వాసన తెలిసినవాళ్ళ ప్రేమ అది, సెమినార్ హాళ్ళలో దొరికే సామరస్యం కన్నా వెయ్యి రెట్లు నయం. కానీ షరతు మీద దొరికే ప్రేమకి పౌరసత్వం అని పేరు పెట్టకండి. గోలు కొట్టని ముస్లిం సంగతేమిటి? బెంచీ మీద కూచున్నవాడి సంగతేమిటి? మామూలు ఆట ఆడి, మామూలుగా ఓడి, మామూలుగా ఇంటికి పోయే హక్కు మాకు ఎప్పుడొస్తుంది?

హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. బలరాం అదే ఏడాది ఫిబ్రవరిలో కలకత్తాలో పోయాడు. ఆగస్టు 15. ఎవరి దేశభక్తి ఎంతో తూకం వేసే రోజు. ఒక తెలుగు డెస్కులో మిత్రుడు నన్నడిగిన మాట చెప్తాను.

"భాయ్, ఈ హబీబ్ ఏ టీముకి క్రికెట్ ఆడాడు?"

"క్రికెట్ కాదన్నా, ఫుట్‌బాల్. అర్జున అవార్డీ."

"అట్లనా? సింగిల్ కాలమ్ పెడదాం."

అతను చెడ్డవాడు కాదు. అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఉర్దూ డెస్కు వాళ్ళు పెద్ద వార్తే రాశారు. కానీ అందులో హబీబ్ 'కౌమ్ కా ఫఖర్' అయ్యాడు తప్ప, కొలువు వద్దన్న ఆటగాడు ముసలితనంలో ఎట్లా బతికాడన్న ప్రశ్న లేదు. ఒక భాషలో సింగిల్ కాలమ్, ఒక భాషలో పొగడ్త. మనిషి రెండింటికీ మధ్య ఎక్కడో జారిపోయాడు. హిందువైన బలరాంని కూడా ఈ రాష్ట్రం గుర్తుపెట్టుకోలేదు కదా అని మీరంటే ఒప్పుకుంటాను. ఇందులో మతం ఎంతో, పేదరికం అంత. బలరాంకీ హబీబ్‌కీ ఉన్న చుట్టరికం నవాబుకీ హబీబ్‌కీ లేదు. ఈ మాట మన పెద్దమనుషులకి మింగుడు పడదు.

హబీబ్ దాకా ఎదగనివాడి కథ ఇంకా రాయాల్సే ఉంది. నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు, బార్కస్ వైపు కుర్రాడు. పేరు రాయను, బతికున్నవాడు. బార్కస్ అంటే మీకు జామపళ్ళు గుర్తొస్తాయి, అక్కడ పిల్లలకి మాత్రం బంతి గుర్తొస్తుంది. ఇక్కడి లీగులో గోళ్ళు కొట్టి, కలకత్తా కింది డివిజన్ క్లబ్బు ఒకదానికి వెళ్ళాడు. కాంట్రాక్టు సీజనుకి మాత్రమే, అంటే కొన్ని నెలలు. మిగతా నెలలకి జీతం లేదు, పీఎఫ్ లేదు. అక్కడ 'ఖేప్' అని ఒకటుంది. ఊళ్ళో టోర్నమెంటు పెట్టిన వాళ్ళు ఒక్క మ్యాచికి ఆటగాణ్ణి అద్దెకి పిలుస్తారు, ఆడగానే చేతిలో డబ్బు పెడతారు. కేరళలో ఏడుగురి ఆట, సెవెన్స్ అంటారు, అక్కడా అంతే. కాంట్రాక్టు ఉన్న క్లబ్బు అట్లా ఆడొద్దంటుంది. వద్దన్న క్లబ్బు జీతం మూణ్ణెల్లు ఆపుతుంది. ఆడకపోతే ఇంటికి డబ్బు పోదు, ఆడి మోకాలు పోతే ఆపరేషన్ ఖర్చు ఎవరిదీ కాదు. ఆయన మోకాలు పోయింది. చెప్తూ నవ్వాడు: "గోల్ మారా తో భాయీ, నై మారా తో కౌన్ రే తూ!"

ఫార్వర్డ్‌కి ఇంకో శాపం ఉంది. డిఫెండర్ బాగా ఆడాడా లేదా అని చర్చ పెట్టొచ్చు, ఫార్వర్డ్‌ని అంకె తేల్చేస్తుంది. అంకె కావాల్సిన క్లబ్బు ముందుగా చేసే పని గోలు కొట్టే చోట విదేశీ ఆటగాణ్ణి దింపడం. మన కుర్రాడు రెక్కకి జరుగుతాడు, అక్కణ్ణుంచి బెంచీకి. ఫలితం ఏమిటో చూశారు కదా. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రీ 2024 జూన్‌లో దేశం జట్టు నుంచి రిటైరైతే, ఆ చోట నిలబడే మనిషి దొరక్క 2025 మార్చిలో నలభై ఏళ్ళవాణ్ణి వెనక్కి పిలిచారు. నూటనలభై కోట్ల మంది!

మరి హైదరాబాద్‌కి క్లబ్బు రాలేదా అంటారా. వచ్చింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అని పెట్టారు. 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ కప్పు కూడా గెలిచింది. ఫైనల్లో స్కోరు సమం చేసిన గోలు గోవా కుర్రాడు సాహిల్ తవోరాది, షూటవుట్‌లో కాపాడిన కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణిదీ గోవానే. వాళ్ళ కష్టం వాళ్ళది, వాళ్ళతో నాకు పేచీ లేదు. నా పేచీ మన ఊరి పేరు అద్దెకి తీసుకున్నవాళ్ళతో. తర్వాత జీతాలు బకాయి పడ్డాయి, ఆటగాళ్ళు చెల్లాచెదురయ్యారు, యాజమాన్యం మారింది, 2025లో క్లబ్బు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్ళి పేరు కూడా మార్చుకుంది. బస్తీలో పుట్టిన టీమైతే బస్తీని వదిలి ఎక్కడికి పోతుంది? సిటీ పోలీస్ టీముకి పోయే చోటు లేదు, అందుకే అది మనది.

2024లో తెలంగాణ ప్రభుత్వం క్రికెటర్ సిరాజ్‌కీ, బాక్సర్ నిఖత్ జరీన్‌కీ డీఎస్పీ ఉద్యోగాలిచ్చింది. ఆటో డ్రైవర్ కొడుకు, నిజామాబాద్ ఆడపిల్ల. చూసి నా కళ్ళూ చెమర్చాయి, దాచుకోను. కానీ తేడా గమనించండి. 1950లో కానిస్టేబుల్ కొలువు ఇంకా ఏమీ గెలవని కుర్రాడికి ఇచ్చారు, ఆడి గెలవమని. ఇప్పుడు డీఎస్పీ కొలువు ప్రపంచమంతా గెలిచి వచ్చినవాళ్ళకి ఇస్తున్నారు. సిరాజ్‌కి ఆ జీతంతో పని లేదు. పని ఉన్నవాడు బార్కస్‌లో ఉన్నాడు, లైన్‌లో రెండో డివిజన్ సర్టిఫికేట్ పట్టుకుని. ఒక్క ముస్లింని పైకెత్తి చూపించడం తేలిక, ఫొటో బాగా వస్తుంది. ఇరవై మంది మామూలు ముస్లింలకీ, ఇరవై మంది బలరాంలకీ ఆట ఆడేటందుకు నెలజీతం ఇవ్వడం కష్టం. దానికి ఫొటో ఉండదు.

సెక్యులర్ మిత్రులారా, వచ్చే ఆగస్టులో సామరస్యం మీద ప్రత్యేక సంచిక వేస్తారు కదా, అందులో బిర్యానీ పేజీ తీసేసి పోలీసు, రైల్వే, కరెంటు శాఖల్లో ఫుట్‌బాల్ జట్లు ఎన్ని మిగిలాయో, వాటిలో ఆఖరి నియామకం ఏ ఏడు జరిగిందో కనుక్కుని వేయండి. మన పెద్దమనుషులారా, జల్సాకి పెట్టే ఖర్చులో ఒక పూట ఖర్చు తగ్గించి ఒక మోకాలి ఆపరేషన్ చేయించండి. బార్కస్ కుర్రాడు డాక్టర్ ఇచ్చిన చీటీ నాకు చూపించాడు. దాని మీద తారీకు రెండేళ్ళ కిందటిది. ఇప్పుడు బైకు మీద అన్నం ప్యాకెట్లు మోస్తున్నాడు, కుడికాలు కిక్ కొట్టనివ్వదని సెల్ఫ్ స్టార్ట్ బండి కొన్నాడు, వాయిదాల మీద.