విద్యుత్తు ధర: ప్రజల పక్షమున లెక్క చూచువా డెవ్వడు?

విద్యుత్ పంపిణీ సంస్థలు రాబోవు వత్సరమునకు దమకు గావలసిన యాదాయ మెంతయో లెక్కలు వ్రాసి, ఏటేట విద్యుత్ నియంత్రణ మండలికి సమర్పించును. మండలి ప్రజల సూచనలను, అభ్యంతరములను విచారించి, 120 దినములలో ధరలను నిర్ణయింపవలయునని 2003వ సంవత్సరపు విద్యుత్తు చట్టము 64వ విభాగమున శాసించుచున్నది. పూరియింటి దీపము మొదలు కర్మాగారమునందలి మహాయంత్రము వఱకు సర్వజనుల వ్యయమును నిర్ణయించు నీ విచారణ, పన్ను విధించుటకంటె దక్కువది గాదు. శాసనసభలో పన్ను చర్చకు వచ్చునపుడు ప్రజాప్రతినిధులు లేచి ప్రశ్నింతురు. ఇచ్చట ప్రశ్నింపవలసినవాడు పౌరుడే. అతనికి హక్కు గలదు. దానిని వినియోగించుటకు వలసిన సాధనసంపత్తి లేదు.

విచారణలను జూచినవారికి అచ్చటి తీరు విదితమే. సంస్థల పక్షమున ఇంజనీర్లు, గణకులు, న్యాయవాదులు వందలకొలది పుటల పట్టికలతో ఆసీనులై యుందురు. ఎదుట రైతు కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరును గూర్చి, గృహస్థుడు పెరిగిన బిల్లును గూర్చి మొఱ పెట్టుకొందురు. మండలివారు ఓపికతో విందురు. కాని ధర మొఱలనుబట్టి గాదు, పట్టికలనుబట్టి నిర్ణయింపబడును. న్యాయవాదులమైన మేము చట్టమును జూపగలము, పూర్వపు తీర్పుల నుదాహరింపగలము. లెక్కలోని దోషమును మాత్రము లెక్కతోడనే ఖండింపవలయును. అది అర్థశాస్త్రజ్ఞుని పని.

ఆ పని యెట్టిదో యొక యుదాహరణమున జూతము. ఒక విద్యుత్కేంద్రమునకు నిజముగ వలసిన దానికంటె 100 కోట్ల రూపాయలు అధికముగ వ్యయమైనట్లు వ్రాసికొనుటకు అనుమతి లభించినదనుకొందము. అందు 70 కోట్లు అప్పు, 30 కోట్లు యజమానుల పెట్టుబడి. కేంద్ర మండలి 2019లో గావించిన నిబంధనలలో ఉష్ణవిద్యుత్కేంద్రములకు పెట్టుబడిపై 15.5 శాతము ప్రతిఫలము నిర్ణయింపబడినది. ఆ లెక్కను యజమానులకు 4 కోట్ల 65 లక్షలు. అప్పుపై వడ్డీ నూటికి పదియైనచో 7 కోట్లు. యంత్రముల తరుగుదల క్రింద నూటికి అయిదు చొప్పున మఱియొక 5 కోట్లు. మొత్తము మొదటి యేటనే 16 కోట్లకు పైబడి ప్రజలు చెల్లింపవలసి వచ్చును. భారము క్రమముగ దగ్గినను అనేక సంవత్సరములు సాగును. వ్యయము పెరిగిన కొలది ప్రతిఫలమును బెరుగునట్టి యేర్పాటులో మితవ్యయమున కెవ్వడు పూనుకొనును? ఈ సూక్ష్మమును అమెరికా దేశపు అర్థశాస్త్రజ్ఞులు ఆవర్చ్, జాన్సన్ అనువారు 1962లోనే సిద్ధాంతీకరించిరి.

గిరాకిని, ఇంధనమును సరిగ అంచనా వేయనిచో నేమగునో మన దేశమే చూచినది. మహారాష్ట్రములోని దభోల్ కేంద్రమునకు ఋణ మిచ్చుట ఆర్థికముగ సమంజసము గాదని ప్రపంచ బ్యాంకు 1993లోనే నిరాకరించెను. ఆ హెచ్చరికను ద్రోసిపుచ్చి కట్టిన కేంద్రము 1999లో బ్రారంభమై, 2001లో మూతబడెను. మన యాంధ్రమునందును గృష్ణా గోదావరీ తీరమున లభించు వాయువును నమ్మి కట్టిన కేంద్రములు పెక్కు 2013 నాటికి ఇంధనము లేక నిలిచిపోయినవి. వాయువు వచ్చునో రాదో యడుగుట ఇంజనీరు పని. రానిచో నష్ట మెవ్వరి నెత్తిన బడునో, ఒప్పందమున సంతకములు పడకముందే యడుగుట అర్థశాస్త్రజ్ఞుని పని.

వ్యవసాయపు లెక్క యింతకంటె చిక్కైనది. మన ప్రాంతమున పంపుసెట్లలో అధికభాగమునకు మీటర్లు లేక, రైతు వాడిన విద్యుత్తును సంస్థలు అంచనాగ వ్రాసికొనుచు వచ్చినవి. అంచనా హెచ్చినచో తీగలలో బోయిన నష్టము, పట్టణములలో జరిగిన చౌర్యము రైతు పద్దున జేరిపోవును. సబ్సిడీ సొమ్ము ప్రభుత్వ ధనాగారమునుండి పోవును. అపకీర్తి రైతునకు మిగులును. ఈ పద్దును పరీక్షించుట రైతునకు విరోధము గాదు, ఉపకారము.

అర్థశాస్త్రజ్ఞుడు ఇట్టి పీఠమున నేమి చేయగలడో న్యూయార్కు రాష్ట్రము చూపినది. ఆల్ఫ్రెడ్ కాన్ అను ఆచార్యుడు 1974 నుండి 1977 వఱకు అచ్చటి ప్రజోపయోగ సేవల నియంత్రణ సంఘమునకు అధ్యక్షుడై, గిరాకి హెచ్చుగనున్న వేళకు నొక ధర, తక్కువగనున్న వేళకు మఱియొక ధర యుండవలెనను న్యాయమును ముందుకు దెచ్చెను. అనంతరము విమానయాన సంఘమునకు అధ్యక్షుడై, ఉత్తర్వులు సామాన్యులకు దెలియు భాషలో వ్రాయుడని తన యుద్యోగులను ఆదేశించెను. తెలుగువాని బిల్లును నిర్ణయించు ఉత్తర్వును తెలుగువానికి దెలియు భాషలోనే యుండవలయు ననుట ఈ సందర్భమున స్మరింపదగినది.

మన చట్టము 84వ విభాగమున మండలి సభ్యత్వమునకు దగిన విద్యలలో అర్థశాస్త్రమును బేర్కొన్నది. కాని మండలిలో న్యాయకోవిదు డొకడు తప్పక యుండవలెనని సుప్రీంకోర్టు 2018లో దీర్పు చెప్పగా, అర్థశాస్త్రజ్ఞునకు అట్టి నిర్బంధము లేదు. న్యాయవాదవృత్తిలో నున్న మేము దీనికి సంతోషించి యూరకుండుట ధర్మము గాదు. చట్టమునకు గాపరి యున్నట్లే లెక్కకును గాపరి యుండవలయును. అంతకంటె ముఖ్యమైనది 94వ విభాగము. వినియోగదారుల పక్షమున వాదించుటకు దగినవాని నియమించు నధికారము మండలికే గలదు. అట్లు నియమింపబడినవానికి ఇద్దఱు ముగ్గురు అర్థశాస్త్రజ్ఞుల సహాయము, పట్టికలన్నిటిని పరీక్షించు స్వేచ్ఛ, మండలి నిధులనుండి వేతనము లభింపవలయును. ధరలో పైసలు గూడ లెక్కకు రాని యీ వ్యయము కోట్లను గాపాడగలదు.

మన కళాశాలలనుండి అర్థశాస్త్ర పట్టభద్రులు ఏటేట వెలువడుచున్నారు. బ్యాంకులలోను, పరదేశములలోను గొలువులు వెదకువారిలో కొందఱైన ఈ విద్య నభ్యసించి తమ యూరి బిల్లును జదువుట కేల పూనుకొనరాదు? పురపాలకసంఘములు, రైతుసంఘములు, వర్తకసంఘములు కలిసి జిల్లా కొక్కని బోషింపజాలవా? పఠనమందిరములలో ధరల ప్రతిపాదనలను దెలుగున జదివి వినిపింపరాదా?

2000వ సంవత్సరమున ధరలు హెచ్చినపుడు వాదము విచారణమందిరమున ముగియలేదు. ఆగస్టు 28వ తేదీన హైదరాబాదు బషీర్‌బాగులో పోలీసుల తుపాకులు ప్రేలి ప్రాణములు పోయినవి. ప్రజల ప్రశ్నకు అంకెలతో సమాధానము చెప్పు మార్గము మూతబడినచోట అది వీథి కెక్కును. ఆ మార్గమును దెఱచియుంచుట ప్రభుత్వమునకు భిక్ష గాదు, బాధ్యత. అందు నడువగల విద్యావంతులను సిద్ధపఱచుకొనుట మన బాధ్యత.