భోగి మంటకు క్రిస్మస్ చెట్టు వద్దు

ప్రతి డిసెంబరులో మన హాస్టల్ వరండాలో క్రిస్మస్ చెట్టు పెట్టి సంబరపడతాం. జనవరి వచ్చాక ఆ చెట్టు ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించామా? ఆ రోజుల్లో క్యాంపస్ దాటి తార్నాక సందుల్లో నడిచి చూడండి. చెత్తకుప్పల పక్కన కొమ్మలు వంగిపోయిన ప్లాస్టిక్ చెట్లు కనిపిస్తాయి. కొద్ది రోజులకే భోగి. పాత సామాను మంటలో వేసే పండుగ కదా అని పిల్లలు కొన్నింటిని అక్కడికే ఈడ్చుకుపోతారు. ఈ అలవాటు మానుకోవాలని, పాత చెట్టుతో ఇంటిల్లిపాదీ కలిసి పనికొచ్చే వస్తువులు చేసుకోవాలని నా అభిప్రాయం.

కోస్తా పల్లెల్లో సరుగుడు కొమ్మనే క్రిస్మస్ చెట్టుగా నిలబెట్టేవాళ్లు ఉన్నారు. పండుగయ్యాక అది పొయ్యిలోకి పోయినా నష్టం లేదు. పట్నంలో కొనే చెట్లు ఎక్కువగా ఇనుప తీగకు పీవీసీ ఆకులు మెలిపెట్టి చేసినవి. పీవీసీలో క్లోరిన్ ఉంటుంది. దాన్ని ఆరుబయట కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు వెలువడతాయి. ఆ మంట చుట్టూ చలి కాచుకునేది పసిపిల్లలు, ముసలివాళ్లే. బ్రిటన్‌లోని కార్బన్ ట్రస్ట్ అనే సంస్థ లెక్క ప్రకారం రెండు మీటర్ల ప్లాస్టిక్ చెట్టుకు సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన కాలుష్యం అవుతుంది. అలాంటి చెట్టును ఒక్క పండుగకే వాడి పారేయడం ఎంత దుబారా!

పుస్తకాల్లో చదివి మాత్రమే ఈ మాట చెప్పడం లేదు. మా అమ్మ ఒక చిన్న పట్టణంలో వీధులు ఊడుస్తుంది. రెండేళ్ల కిందట తార్నాకలో ఎవరో పారేసిన చెట్టును పట్టుకుని సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లాను. బస్సులో కొందరు నవ్వారు. అమ్మ నవ్వలేదు. "భోగి తెల్లారి బూడిద ఎత్తేటప్పుడు చేతులకు గుచ్చుకునేది గీ తీగలే బిడ్డా" అంది. ఆ బూడిద ఎవరు ఎత్తుతారో అప్పటిదాకా నేను ఆలోచించలేదు. ఆమె కొడుకునై ఉండి కూడా!

ఆ రాత్రి నలుగురం కూర్చుని చెట్టు విప్పాం. నాన్న నాలుగు కొమ్మలను వెదురు కర్ర చివర బిగించి బూజుకర్ర చేశాడు. పండుగకు ఇల్లంతా దానితోనే దులిపాం. 1930లలో అడిస్ అనే బ్రష్‌ల కంపెనీ తన బ్రష్‌ల యంత్రాలతోనే ఇలాంటి చెట్లు తయారు చేసిందట. ఆ సంగతి తెలియకుండానే నాన్న చెట్టును మళ్లీ బ్రష్‌గా మార్చాడు! చెల్లెలు రెండు కొమ్మలను గుండ్రంగా వంచి, పాత చీర అంచు చుట్టి గుమ్మానికి కట్టింది. మధ్య రాడ్డు, మూడు కాళ్ల స్టాండు చొక్కాలు తగిలించుకోవడానికి పనికొచ్చాయి.

ఒక జాగ్రత్త. పాత పీవీసీలో సీసం ఉండవచ్చు. కాబట్టి తిండి సామాన్ల దగ్గర వాడకూడదు, పసిపిల్లల నోటికి అందనివ్వకూడదు. తీగల కొసలు లోపలికి మడవాలి. పని అయ్యాక చేతులు కడుక్కోవాలి.

"అన్నా, చిన్నప్పటి నుంచి పాత బట్టలు, పాత పుస్తకాలే. పండుగకూ పాతదేనా?" అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. పొదుపు పాఠం పేదవాళ్లకే చెప్పడం నాకూ ఇష్టం లేదు. ఏటా కొని ఏటా పారేసేవాళ్లకే ఇది ముందు వర్తిస్తుంది. అయితే ఒకరు వదిలేసింది దిక్కులేక తొడుక్కోవడం వేరు, మన చేతులతో మరో వస్తువు చేసుకోవడం వేరు. మొదటిది మనల్ని చిన్నబుచ్చింది. రెండోది మనకు పని నేర్పుతుంది.

మిత్రులారా! మన హాస్టల్ చెట్టును పండుగ కాగానే పెట్టెలో భద్రపరుద్దాం. చిరిగేదాకా ఏటా దాన్నే నిలబెడదాం. చిరిగాక భోగికి ముందు ఒక ఆదివారం అందరం కూర్చుని విప్పుదాం. గదికొక బూజుకర్ర చేసుకుందాం. మిగిలిన ఇనుము పాత సామాన్లవాళ్లకు ఇద్దాం. తీగ ముక్కలను కాగితంలో చుట్టి విడిగా అప్పగిద్దాం. వాటిని అందుకునే చేతులు మనలో చాలామంది ఇళ్లలోని అమ్మల చేతులే.