పాటల చందా: మొఱ వినువారెవరు?

ఈ మాసమున మేము వ్రాయబూనిన విషయము వంటయింటిది కాకపోయినను, వంటయింటి జమాఖర్చులలోనికి వచ్చునదియే. పాలు, కూరలు, విద్యుచ్ఛక్తి, వీని సరసను ఇప్పుడు అనేక గృహములందు పాటలకును ఒక పద్దు ఏర్పడినది. స్పాటిఫై, జియోసావన్, గానా మొదలగు పేళ్లతో ఫోనునందు పాటలు వినిపించు సంస్థలకు మాసమునకింతయని చందా కట్టుచున్నాము. ప్రాతఃకాలమున అత్తగారికి అన్నమయ్య సంకీర్తనలు, పనులు తీఱిన పిమ్మట మనకు ఘంటసాలవారి పాటలు, సాయంకాలమున పిల్లలకు వారి కోలాహలము. పాట సాగుచున్నంతకాలము చింత లేదు. చందా రెండుమాఱులు పోయినను, కట్టిన వెనుకగూడ నడుమ నడుమ ప్రకటనలు వచ్చుచున్నను, వలదన్న పిమ్మటను సొమ్ము తఱుగుచున్నను ఎవరితో చెప్పుకొనవలయునో తెలియదు.

పూర్వము ఇంట రేడియో యుంచుకొనుటకు లైసెన్సు వలసియుండెడిది. తపాలాకచేరికి పోయి రుసుము చెల్లించి వచ్చెడివారు. 1980ల దశకమున ఆ పద్ధతి ఎత్తివేయబడినది; మంచిదే యయ్యెను. కాని ఆ కిటికీ వెనుక నొక గుమాస్తా కూర్చుండెడివాడు. అతడు విసుగుకొన్నను, కసరినను, మన మాట అతని చెవినబడెడిది. మడువులోని గజేంద్రునికైనను మొఱ వినుటకు పైనొకడుండెను. నేటి పాటల సంస్థ కిటికీ ఎక్కడ నున్నది?

మేముండునది హైదరాబాదునందలి టోలిచౌకి. మేడయెక్కి చూచినచో ఒకవైపున కుతుబుషాహీ సుల్తానుల గుంబజులు, వేఱొకవైపున ఫిలింనగరు గుట్టలు. మా పొరుగింట నొక వృద్ధ ముస్లిము వనిత కలరు. వీథివారందఱును ఆమెను ఖాలా యని పిలుతురు. మేమును అట్లే పిలుతుము. దుబాయిలో నున్న కుమారుడు సెలవులకు వచ్చినపుడు ఆమె ఫోనులో నొక పాటల యాపు పెట్టి చందా కట్టిపోయెను. బేగం అఖ్తరు గజళ్లు వినుచు ఆమె సుఖముగా నుండెను. ఒక మాసమున బ్యాంకునుండి రెండుమాఱులు సొమ్ము పోయినట్లు సందేశము వచ్చినది. "పాటలు చేసేవాళ్లు ఆ కొండమీదనే గదా, బేటీ! పోయి అడిగి వద్దామా?" అని ఆమె మాతో ననిరి.

మాకు నవ్వు వచ్చినది గాని ఆమె తర్కము తక్కువది కాదు. వస్తువు చేసినవాని యింటికి పోయి అడుగుట లోకరీతియే గదా. అయితే కొండమీద పుట్టిన పాట తిన్నగా మన ఫోనులోనికి దిగదు. చిత్రనిర్మాత పాట హక్కులను ఆడియో కంపెనీకిచ్చును. ఆ కంపెనీ పాటల యాపువారికి కొంతకాలమునకు అనుమతి నిచ్చును. మనము యాపువారికి అద్దె కట్టుదుము. అద్దె యనియే చెప్పవలయును, కొనుగోలు కాదు. 2023 మార్చిలో స్పాటిఫైకిని జీ మ్యూజిక్ కంపెనీకిని ఒప్పందము ముగియగా ఆ కంపెనీ పాటలన్నియు ఒక్కసారిగా స్పాటిఫైనుండి మాయమైనవి. చందాదారులు చేసిన తప్పేమియు లేదు.

ఖాలా కొండ నెక్కలేదు. మఱునాడు తానే ఫోనులో ఆ యాపు పేరు వ్రాసి, ప్రక్కన 'కస్టమర్ కేర్ నంబరు' అని వెదకిరి. మొట్టమొదట కనబడిన సంఖ్యకు ఫోను చేసిరి. ఒకడు తేనెలొలుకు ఉర్దూలో 'అమ్మీజాన్' అని సంబోధించి, మీ సొమ్ము ఇప్పుడే తిరిగి పంపెదనని, అందుకొక చిన్న యాపు దింపుకొనవలయునని చెప్పెను. ఆమె ఫోనులో కనబడునదెల్ల వానికిని కనబడునట్లు చేయు యాపది. పిదప 'సరిచూచుటకు' ఒక్క రూపాయి పంపుమని, రహస్య సంఖ్య నొక్కుమనెను. గడియలోపల రెండు విడతలుగా ముప్పదియెనిమిదివేల రూపాయలు పోయినవి.

ఆమె ఈ సంగతి మాకు చెప్పినది మూడవనాడు! బిడ్డకు తెలిసినచో ఏమనుకొనునో, ముసలితనమున బుద్ధి పోయినదని కోడలు నవ్వునో యని రెండు రాత్రులు నిద్రలేక యోర్చుకొనిరట. మా మాస్టరుగారు వెంటనే 1930కి ఫోను చేయించిరి. సొమ్ము కాజేయు మోసములు తెలుపుకొనుటకు ప్రభుత్వమువారు పెట్టిన సంఖ్య యది. ఫిర్యాదు నమోదైనంతనే బ్యాంకులకు వార్త పోయి, దొంగ ఖాతాలో మిగిలియున్న సొమ్ము కదలకుండ నిలిపివేయబడును. కాని సొమ్ము ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు గంటలలో పాఱిపోవును. మూడవనాటికి నాలుగువేల చిల్లర మాత్రమే చిక్కినది. మొదటి గంటలోనే చెప్పియున్నచో ఇంకను ఎక్కువ దక్కియుండెడిదేమో. పోయినది ముసలితనముచేతను కాదు, చదువులేమిచేతను కాదు. ఇట్టి వలలో పట్టభద్రులును పడుచున్నారు. ఇంటివారి యెగతాళికి వెఱచి రహస్యముగా నుంచుటవలన దొంగకే గడువు దొరకును. కోడండ్రకును, కుమారులకును మా మనవి యొకటి: పెద్దవారు ఇట్టి మాట చెప్పవచ్చినపుడు మొదట 1930కి ఫోను చేయుడు, కోపము తరువాత చూచుకొనవచ్చును.

ఇంతకును ఇట్టి సంస్థలలో పెక్కింటికి సామాన్య చందాదారుల కొఱకు ఫోను సంఖ్యయే యుండదు. మాసమునకు నూఱు రూపాయల చుట్టుప్రక్కల చందా తీసికొని, ప్రతివారితోడను మాటాడుటకు మనుష్యులను నియమించినచో తమకు గిట్టదని వారి లెక్క కాబోలు. వారి సహాయమంతయు యాపులోపలనే, వ్రాతమూలముననే. లేని సంఖ్యను వెదకువానికి దొరకునది దొంగ సంఖ్యయే. సొమ్ము పుచ్చుకొనుటకు రహస్య సంఖ్య యెన్నడును అక్కఱలేదని గూడ గుర్తుంచుకొనుడు. అది యిచ్చునపుడు నొక్కునది.

మఱి సరియైన వాకిలి యేది? సొమ్ము ఎవరు తీసికొనిరో వారి వాకిలియే. బ్యాంకు సందేశమున ఎవరి పేరున్నదో శ్రద్ధగా చదువుడు. యాపుకంపెనీ పేరున్నచో యాపులోని సహాయవిభాగమున వ్రాయవలయును. గూగుల్ పేరున్నచో చందా ప్లే స్టోరు ద్వారా కట్టబడినదన్నమాట; ప్లే స్టోరులో మన బొమ్మను నొక్కిన 'పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్' అను చోట చందాలన్నియు కనబడును, అక్కడనే మాన్పించుకొనవచ్చును. ఆపిల్ ఫోనుగలవారికి సెట్టింగులలో తమ పేరుక్రిందనే ఆ పట్టిక యుండును. ఇట్లు అంగడిద్వారా కట్టిన సొమ్మును తిరిగి కోరునది ఆ అంగడివారినే. కొన్ని చందాలు ఫోను రీచార్జితో కలిసివచ్చును. వాని సంగతి ఫోను కంపెనీవారు చూడవలయును. ఖాలా సొమ్ము రెండుమాఱులు పోవుటకు కారణమును ఇట్లే తేలినది. ఒకటి కుమారుడు ప్లే స్టోరులో కట్టినది, రెండవది రీచార్జితో వచ్చినది.

యాపును ఫోనునుండి తుడిచివేసినంతమాత్రమున చందా ఆగదు. పత్రిక చదువుట మానినను చందా నడచుచునే యుండునట్లు, ఇదియును నడచుచుండును. యూపీఐ మూలమున కట్టినవారు తమ చెల్లింపు యాపులో 'ఆటోపే' అనుచోట ఆ యనుమతిని రద్దుచేయవచ్చును. ప్రతిమాసమును తానై సొమ్ము తఱుగునట్టి ఏర్పాటునకు ఇరువదినాలుగు గంటల ముందు సందేశము రావలయునని రిజర్వు బ్యాంకువారి నియమము. ఆ సందేశములను ప్రకటనలనుకొని త్రోసివేయకుడు. చేరుట సులభముగాను, మానుట దుర్లభముగాను చేయు తంత్రమునకు 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' అని పేరు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారమువారు నిషేధించిన పదుమూడు కపటరీతులలో అదియు నొకటి.

వ్రాతమూలమున అడుగునపుడు కోపము, కథలు వలదు. తేది, మొత్తము, చెల్లింపు సంఖ్య, ఏమి కావలయునో ఒక్క వాక్యము చాలును. సంభాషణను బొమ్మతీసి దాచుకొనుడు. మొదట బదులిచ్చునది యంత్రమే. ఎన్నిమాఱులడిగినను చిలుకపలుకులు పలుకును. మనుష్యునితో మాటాడవలయునని పట్టుబట్టి వ్రాయవలసియుండును. అప్పటికిని కానిచో, 2020 నాటి ఈ-కామర్స్ నియమములప్రకారము సంస్థవారు ఫిర్యాదుల అధికారి పేరును, చిరునామాను ప్రకటింపవలయును. ఆ యధికారి నలువదియెనిమిది గంటలలో ఫిర్యాదు అందినదని తెలిపి, మాసములోపల తీర్పవలయును. గడువు దాటినచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రము సంఖ్య 1915. అక్కడ తెలుగునందును మాటాడవచ్చును, రుసుము లేదు. జిల్లా వినియోగదారుల కమిషనులోను అయిదులక్షల రూపాయలవఱకు వివాదమునకు రుసుము లేదు. నూఱు రూపాయలకొఱకు అంతదూరమేల యని మావారే నవ్విరి. ఏడాదికి పండ్రెండు నూఱులని మేము లెక్క చూపితిమి.

యాపే మూతబడినచో మాత్రము ఇవన్నియు కొఱగావు. రెస్సో అను యాపు 2024 జనవరి 31తో మన దేశమున ఆగిపోయినది. వింక్ మ్యూజిక్‌ను మూసివేయుదుమని ఎయిర్‌టెల్ వారు అదే సంవత్సరము ఆగస్టులో ప్రకటించిరి. యాపులో ఏండ్లతరబడి కూర్చుకొనిన పాటల పట్టిక దానితోడనే పోవచ్చును. అందుచేత అత్తగారికి ప్రియమైన పాటల మొదళ్లను, పాడినవారి పేళ్లను మేము నోటుపుస్తకమున వ్రాసియుంచితిమి. నూటపదునాలుగు తేలినవి, ఆమె ఇంకను జ్ఞాపకము చేసికొనుచునే యున్నారు.