పరంజా మీది బ్రతుకులు

2025 మార్చి 26న భద్రాచలం పట్టణంలో కట్టుబడిలో ఉన్న బహుళ అంతస్తుల భవనమొకటి కుప్పకూలింది. శిథిలాల క్రింద చిక్కి ఇద్దరు పనివారు అసువులు బాసారు. కూలిన గోడ అందరి కంటా పడుతుంది. కాని పనివారి ఊపిరితిత్తులలో పేరుకొనే దుమ్ము ఎవరి కంటా పడదు. నిర్మాణ కార్మికుని ఆపదలలో శబ్దం చేసేవి కొన్నే. నిశ్శబ్దంగా హరించేవి అనేకం.

ఖమ్మం మొదలు భద్రాచలం అడవి అంచు వరకు కట్టుబడి పనులు ఇటీవలి సంవత్సరాలలో విస్తరించాయి. మణుగూరు చెంత 1080 మెగావాట్ల విద్యుత్కేంద్రం లేచింది. సీతారామ ఎత్తిపోతల పథకానికి కాలువలు త్రవ్వారు. వేసవిలో తునికాకు కోసే చేతులు, వానకాలంలో నాట్లు వేసే చేతులు తక్కిన రోజులలో సిమెంటు తట్టను ఎత్తుకొంటున్నవి. పొలంలోని ఆపదలను తాత తండ్రికి, తండ్రి కొడుకుకు చెప్పాడు. సిమెంటును గురించి చెప్పిన తాత లేడు.

అట్లని పనివారిని అజ్ఞానులనుకొనడం పొరపాటు. వారి ఉపాయాలు వారికి ఉన్నవి. సిమెంటు ముట్టుకొనే ముందు చేతులకు కొబ్బరినూనె రాచుకొంటారు. ముక్కుకు తువాలు చుట్టుకొంటారు. దుమ్మును కడిగివేస్తుందని సాయంకాలం బెల్లంముక్క నములుతారు. ఎండకు అంబలి, మజ్జిగ త్రాగుతారు. అంబలి, మజ్జిగ మేలు చేసేవే. కాని బెల్లం పోయే దారి వేరు, దుమ్ము పోయే దారి వేరు. ఒకటి కడుపుకు, మరొకటి ఊపిరితిత్తులకు. రాతిని కోసేటప్పుడు లేచే సిలికా రేణువులలో మిక్కిలి హానికరమైనవి కంటికి ఆననంత సూక్ష్మమైనవి. తువాలు వానిని ఆపలేదు. వానివల్ల వచ్చే సిలికోసిస్ వ్యాధిని రాకుండా చూచుకొనవచ్చునే గాని, వచ్చిన తరువాత నయం చేసే మందు లేదు. క్షయ సోకే అవకాశాన్ని కూడ అది పెంచుతుంది. నీరు పోస్తూ కోస్తే దుమ్ము చాలవరకు అణగుతుంది. తడిసిమెంటులోని క్షారం నుండి చర్మాన్ని రబ్బరు తొడుగులు కాపాడుతవి. ఇవి అంత ఖరీదైన సాధనాలేమీ కావు.

మరి పనివారు వీనిని ఎందుకు అడగరు? అడిగినవానికి మరునాడు పని దొరకదేమోనన్న భయం. శిరస్త్రాణం పెట్టుకొంటే పిరికివాడంటారేమోనన్న బిడియం. “నుదుట వ్రాసి ఉంటే తప్పుతుందా” అన్న మాట వేదాంతం కాదు. వేరు దారి లేనివాడు తనకు తాను చెప్పుకొనే ధైర్యం.

నిర్మాణ కార్మికుల కొరకు పార్లమెంటు 1996లో ప్రత్యేక చట్టం చేసింది. 2020 నాటి కార్మిక స్మృతులలో దానిని లీనం చేసింది. ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవారు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకొనవచ్చు. కాని నేడు ఒక మేస్త్రి వద్ద, రేపు మరొకని వద్ద పనిచేసేవానికి ఆ రోజులను ఋజువు చేసుకొనడం సులభం కాదు. చట్టం కాగితం అడుగుతుంది. అతడు చూపగలిగినది కాయలు కాచిన చేయి.

1700లో ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జీని వృత్తులవల్ల కలిగే వ్యాధులపై గ్రంథం వ్రాశాడు. రోగిని అడిగే ప్రశ్నలలో “నీవు ఏ పని చేస్తావు?” అన్నదానిని కూడ చేర్చాలని తోటి వైద్యులకు బోధించాడు. ఆ ప్రశ్న వైద్యునికే పరిమితం కానక్కరలేదు. తండ్రి వృత్తి ‘కూలి’ అని బడి పుస్తకంలో వ్రాసుకొన్న ఉపాధ్యాయుడు, ఆ ఒక్క మాట వెనుక ఏ దుమ్ము, ఏ ఎత్తు, ఏ ఎండ ఉన్నవో విచారించవచ్చు. శ్వాసకోశాన్ని బోధించే రోజున బెల్లం సంగతి కూడ చెప్పవచ్చు. ఆ సాయంకాలం ఒక బాలిక ఇంటికి పోయి, “నాన్నా, రాయిని నీళ్లు పోసి కొయ్యి” అంటే, ఆనాటి పాఠం సార్థకమైనట్లే.

ఐతే భారమంతా ఆ పిల్లపైన, ఆ తండ్రిపైన మోపి ఊరుకొనరాదు. తొడుగులు, నీరు, గట్టి పరంజా సమకూర్చవలసినవాడు యజమాని. సమకూర్చినదీ లేనిదీ చూడవలసినది ప్రభుత్వం. చదువు కార్మికునికి అడిగే నోరు ఇస్తుంది. అడిగినందుకు అతని కూలి పోకుండా కాపాడవలసినది సమాజం.