తుపాకి హక్కు – ఒక వైద్యుని అభిప్రాయం

రెండేళ్ల క్రితం అమెరికాలో మా అమ్మాయి ఇంట ఉన్నప్పుడు, నాలుగేళ్ల మనవడిని పిల్లల డాక్టరు వద్దకు తీసుకువెళ్లాము. లోపలికి పిలిచేలోగా ఒక ఫారం నింపమన్నారు. కారులో పిల్లవాడికి వేరే సీటు ఉన్నదా, ఇంటి వెనుక ఈతకొలను ఉన్నదా, ఇంట్లో ఎవరైనా పొగ త్రాగుతారా అన్న ప్రశ్నల వరుసలోనే, ఇంట్లో తుపాకి ఉన్నదా, ఉంటే తాళం వేసి ఉంచుతున్నారా అన్న ప్రశ్న కూడా కనిపించింది. ముప్పైమూడు సంవత్సరాల ప్రభుత్వ వైద్యవృత్తిలో నేను ఏ తల్లినీ ఆ ప్రశ్న అడగలేదు. పురుగుమందు డబ్బా ఎక్కడ పెట్టారమ్మా అని మాత్రం ఎందరినో అడిగాను.

ఆ ఒక్క ప్రశ్న కోసం అక్కడి వైద్యులు న్యాయస్థానం మెట్లు ఎక్కవలసి వచ్చిందంటే మీకు ఆశ్చర్యం కలుగవచ్చు. 2011లో ఫ్లోరిడా రాష్ట్రం, సరైన వైద్య కారణం లేకుండా రోగులను తుపాకుల గురించి వైద్యులు అడగరాదని చట్టం చేసింది. రాజ్యాంగపు రెండవ సవరణ ఇచ్చిన హక్కును కాపాడుతున్నామన్నది వారి వాదన. వైద్యుని వాక్స్వాతంత్ర్యం మొదటి సవరణలో ఉన్నదని చెప్పి 2017లో అప్పీలు కోర్టు ఆ చట్టంలోని ముఖ్యభాగాలను కొట్టివేసింది.

ఇంత వివాదానికి మూలమైన రెండవ సవరణ 1791లో అమలులోకి వచ్చిన ఒకే ఒక్క వాక్యం. అందులో మొదటి సగం పౌరసేన గురించి, రెండవ సగం ప్రజలు ఆయుధాలు కలిగి ఉండే హక్కు గురించి చెబుతుంది. ఈ హక్కు సేన కోసమా, వ్యక్తి కోసమా అన్నదే తగవు. 1939లో సుప్రీంకోర్టు సేనతో ముడిపెట్టి చూసింది. 2008లో హెల్లర్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు ఒక వైపు, నలుగురు మరొక వైపు నిలువగా, ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకి ఉంచుకోవడం వ్యక్తిగత హక్కు అని తేలింది. అయితే ఆ తీర్పు వ్రాసిన స్కాలియా గారే ఈ హక్కుకు హద్దులున్నాయని అందులో చెప్పారు. 2022లో మరొక అడుగు పడింది. తుపాకులపై ఏ ఆంక్ష అయినా ఆ దేశపు చారిత్రక సంప్రదాయానికి అనుగుణంగా ఉండాలన్నారు. నేను న్యాయశాస్త్రం చదువుకోలేదు. కాని పద్దెనిమిదవ శతాబ్దపు వైద్యగ్రంథం చూసి నేటి రోగికి మందు వ్రాయమన్నట్లు తోచింది. 2024లో, గృహహింస కేసులో కోర్టు ఆంక్షకు లోబడిన వ్యక్తి నుండి తుపాకి తీసుకోవచ్చని అదే కోర్టు ఎనిమిది మంది ఏకాభిప్రాయంతో చెప్పినందుకు కొంత ఊరట కలిగింది.

అవతలి వారి మాటను తోసిపుచ్చడం నాకు ఇష్టం లేదు. పోలీసు రావడానికి గంట పట్టే పల్లెల్లో బ్రతికేవారున్నారు. అంతర్యుద్ధం తరువాత దక్షిణాది రాష్ట్రాలు, విముక్తులైన నల్లజాతివారి చేతికి ఆయుధం దక్కకుండా చట్టాలు చేశాయి. నిరాయుధుల మీద ఏం జరిగిందో చరిత్రలో ఉన్నది. మనకు కూడా 1878 నాటి ఆయుధాల చట్టం చేసిన అవమానం తెలియనిది కాదు. స్వతంత్ర భారతం 1959లో తన చట్టం తాను చేసుకొని, తుపాకిని హక్కుగా కాక లైసెన్సుగా ఉంచింది. అది సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

టీవీలో మనకు కనిపించేవి పాఠశాలల్లో, దుకాణాల్లో జరిగే సామూహిక కాల్పులు. మరణాల లెక్కలో వాటి వాటా స్వల్పం. 2022లో అమెరికాలో తుపాకి వల్ల మరణించిన వారు 48 వేలకు పైబడి ఉండగా, వారిలో సుమారు 27 వేల మంది తమ చేతితో తామే పోయినవారు. హంతకుడికి భయపడి తెచ్చుకున్న ఆయుధం ఎక్కువగా ఎవరిని బలిగొంటున్నదో చూడండి. 2020 నుండి ఒకటి మొదలు పంతొమ్మిదేళ్ల లోపు పిల్లల మరణాలకు అక్కడ మొదటి కారణం కూడా తుపాకియే.

చచ్చిపోదామనుకున్నవాడు ఏదో ఒక విధంగా చస్తాడు, తుపాకిదేమున్నది అని మీరనవచ్చు. నేనూ చిన్నతనంలో అలాగే అనుకున్నాను. పత్తి పండించే ప్రాంతంలో పనిచేసిన సంవత్సరాలు ఆ అభిప్రాయాన్ని మార్చాయి. భర్తతో మాట పట్టింపు, పరీక్ష తప్పడం, అప్పులవాడు వీధిలో నిలబెట్టి అడగడం – మూల గదిలో డబ్బా ఉన్నది, త్రాగారు. రాత్రంతా అట్రోపిన్ ఎక్కిస్తూ పక్కనే కూర్చునేవాళ్లం. ఎందరో దక్కలేదు. దక్కినవారిలో, నన్నెందుకు బ్రతికించారని అడిగినవారు నాకు అరుదుగా గుర్తున్నారు. ఇంటర్ తప్పిన ఒక అమ్మాయి పదకొండవ రోజున వెంటిలేటరు తీసిన తరువాత మొదట అడిగినది, సప్లిమెంటరీకి ఫీజు గడువు అయిపోయిందా అని! విషానికి చికిత్స చేయడానికి వైద్యునికి కొన్ని గంటలైనా చిక్కుతాయి. తుపాకితో ప్రయత్నించినవారిలో పదింట తొమ్మిది మంది ఆసుపత్రి వరకు రారు, వచ్చినా నిలవరు.

శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెన మీద 1937 నుండి 1971 వరకు ఆపివేయబడిన 515 మందిని రిచర్డ్ సీడెన్ అనే పరిశోధకుడు అనుసరించి చూశారు. నూటికి 94 మంది తరువాత కూడా జీవించే ఉన్నారు, లేదా సహజ మరణం పొందారు. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించగా ఆత్మహత్యల రేటు ఎంతగానో తగ్గింది. అక్కడి మనుషుల దుఃఖం తగ్గిందని కాదు, చేతికందే విషం తగ్గింది.

ఇటువంటి పరిశోధననే అమెరికాలో చాలాకాలం అణచి ఉంచారు. ఇంట్లో తుపాకి ఉండటం ఆ ఇంటివారికే ప్రమాదమని 1993లో ఒక అధ్యయనం వెలువడగా, 1996లో ప్రభుత్వ నిధులతో తుపాకి నియంత్రణను సమర్థించే పని చేయరాదని కాంగ్రెసు షరతు పెట్టింది. దాదాపు ఇరవై ఏళ్లకు పైగా ఆ శాస్త్రం ఎండిపోయింది. హక్కు మీద వాదించుకోండి, కాదనను. రోగానికి కారణం వెతకవద్దనడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

ఇదంతా పరాయి గొడవ కాదు. మన పిల్లలు వేలాదిగా అక్కడ ఉన్నారు. టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడు, పక్క వీధిలో దొంగతనం జరిగిన తరువాత తుపాకి కొన్నాడు. వాడికి పదిహేనేళ్ల కొడుకున్నాడు, ఆ మధ్య చదువులో వెనుకబడి దిగులుగా ఉంటున్నాడట. తుపాకి మానుకోమని నేను చెప్పలేదు, చెప్పినా వినడు. తుపాకి తాళంలో ఉండాలి, గుళ్లు వేరే తాళంలో ఉండాలి, ఇంట్లో ఎవరి మనసైనా బాగాలేని రోజుల్లో దానిని ఇంటి నుండే దూరంగా పెట్టించాలి అన్నాను. అక్కడ 988కు, మన దేశంలో 14416కు ఫోను చేస్తే మాట్లాడేవారుంటారని కూడా చెప్పాను. మీ పిల్లలు అక్కడ ఉంటే ఈ సంగతి అడగండి, అడిగితే కోపగించుకుంటారని మానకండి.

మొన్న వాడే ఫోను చేశాడు. “మావయ్యా, నువ్వు చెప్పినట్టే లాకరు కొన్నాను” అన్నాడు. గుళ్లు ఎక్కడ పెట్టావురా అని అడిగాను. “అందులోనే” అన్నాడు.