నర్సమ్మ రుణం తీరేదెలా?

హిందూపురంలో మా ఇంటి పెద్దావిడ ప్రభువునందు నిద్రించిన తరువాత జ్ఞాపకార్థ కూడిక జరిపాము. పాస్టరుగారికి, సంఘ పెద్దలకు, డాక్టరుగారికి వందనాలు చెప్పాము. చివరి మూడు వారాలు రోజూ ఇంటికి వచ్చి పుండ్లు కడిగి, పక్క మార్చి, ఎండిన పెదవులు తడిపిన నర్సమ్మ పేరు మాత్రం ఎవరమూ ఎత్తలేదు. ఆమె వెనుక కూర్చుని మాతోపాటు కన్నీళ్లు తుడుచుకుంది. ప్రభువు శుద్ధులను చేసిన పదిమంది కుష్ఠరోగుల్లో కృతజ్ఞత చెప్పడానికి తిరిగి వచ్చినవాడు ఒక్కడే. ఆ రోజు మేము మిగిలిన తొమ్మండుగురిలో ఉన్నాము.

మాకు నర్సమ్మ దొరికింది. దొరకని ఇళ్లెన్నో! హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ బెంగళూరు రైలు మార్గంలోనివే. క్యాన్సర్ అనగానే మనవాళ్లు రైలెక్కి అక్కడి పెద్దాసుపత్రులకు వెళ్తారు. ఇక నయం కాదని తెలిశాక అదే రైలులో ఇంటికి తిరిగి వస్తారు. అప్పటినుంచి ఆ కుటుంబానికి తోడెవరు?

జబ్బు నయం కాకపోయినా నొప్పి తగ్గించవచ్చు, మనిషిని గౌరవంగా సాగనంపవచ్చు. దీన్నే పాలియేటివ్ కేర్ అంటారు. దీనికి ఆధునిక రూపమిచ్చి, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ మొదట నర్సే. ప్రపంచంలో ఏటా సుమారు 5.7 కోట్ల మందికి ఈ సేవ అవసరం కాగా, అందుతున్నది 14 శాతం మందికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బెంగళూరులోని కరుణాశ్రయ 1999 నుంచి చివరిదశ క్యాన్సర్ రోగులను ఉచితంగా చూసుకుంటోంది. కేరళ 2008లోనే ఇందుకొక విధానం తెచ్చింది. అక్కడ స్థానిక సంస్థల తరఫున నర్సులు ఇళ్లకే వెళ్తారు. నొప్పి తగ్గించే మార్ఫిన్ రోగులకు సులువుగా అందాలని కేంద్రం 2014లో చట్టం సవరించింది. 2018లో ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాల సేవల్లో దీన్నీ చేర్చింది. కాగితం మీద దారి ఉంది. ఆ దారిన మన గడపదాకా నడిచి రావలసింది నర్సమ్మే. ఆమెకు జీతం, ప్రయాణ ఖర్చు, తోడు లేకపోతే ఎలా వస్తుంది?

మంచి సమరయుని ఉపమానంలో మనం తరచు దాటిపోయే మనిషి పూటకూళ్లవాడు. సమరయుడు మరునాడు తన దారిన వెళ్లాడు. ఆ తరువాత గాయపడినవానిని చూసుకున్నది పూటకూళ్లవాడే. సమరయుడు ఊరకే దండం పెట్టి వెళ్లలేదు. రెండు దేనారములు చేతిలో పెట్టి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. కరుణకు ఖర్చుంటుందని ప్రభువే నేర్పించాడు.

మన సంఘాలు ఏడాదిలో ఒక ఆదివారపు కానుకను ఇందుకు కేటాయించలేవా? మన ఊరి ఆరోగ్య కేంద్రంలో ఈ సేవ అందుతోందా అని పెద్దలు వెళ్లి అడగలేరా? మంచంపట్టిన వారింట ఒక రాత్రి కూర్చోవడం మన యవనస్థులకు నేర్పలేమా?

ఆలస్యంగానైనా మేము ఆ నర్సమ్మ ఇంటికి వెళ్లి, తప్పు ఒప్పుకుని వందనం చెప్పాము. ఆమె చీర వద్దంది, పండ్లు పిల్లలకిచ్చింది. "పక్క వీధిలో ఇంకో అవ్వ ఉందండీ. రాత్రిపూట కూర్చోడానికి మీ సంఘంలో ఎవరైనా వస్తారా?" అని మాత్రం అడిగింది.

జవాబు మనమే చెప్పాలి.