శాలువా కాదు, సీనియారిటీ జాబితా కావాలి



ఈ ఏడాది సభ్యత్వ రశీదు పుస్తకాలు సగం కూడా నిండకుండానే వెనక్కి వచ్చాయి. చందా ఎక్కువైందని ఎవరూ అనలేదు. వెంకటమ్మనహళ్లి నుంచి, ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి పనికి వచ్చేవాళ్లను అడిగితే దాదాపు అందరూ ఒకే మాట అన్నారు: "ఎంత చేసినా ఏముందన్నా, అక్కడా లెక్కలోకి రాము, ఇక్కడా లెక్కలోకి రాము." అక్కడ అంటే మిల్లు. ఇక్కడ అంటే సంఘం. ఈ మాటలో మొదటి సగం మనకు పాతదే. రెండో సగం ఈసారి గట్టిగా వినిపించింది. కనుక ఈ సంచికలో రెండింటి గురించీ కలిపే మాట్లాడదలిచాం.

ముందు మిల్లు సంగతి. రింగ్ ఫ్రేము దగ్గర పనిచేసే ఆడమనిషి ఎనిమిది గంటల షిఫ్టులో ఎన్ని మైళ్లు నడుస్తుందో ఏ రిజిస్టరులోనూ ఉండదు. తెగిన పోగును తెగినట్టే పట్టుకుని అతికినంతసేపూ ఆమె ఎవరి కంటికీ కనబడదు. ఒక్క పోగు రెండు నిమిషాలు ఆలస్యమైతే మాత్రం సూపర్‌వైజరుకు వెంటనే కనబడుతుంది. మన పని తీరే అటువంటిది. బాగా జరిగినప్పుడు దారం మిగులుతుంది తప్ప మనిషి ఆనవాలు మిగలదు. చెడిపోయినప్పుడే మనిషి పేరు కాగితం మీదికి ఎక్కుతుంది, అదీ మెమో రూపంలో.

మెప్పు లేకపోతే పోనీ అనుకునేవాళ్లం మనలో చాలామందిమి. మెప్పు అన్నం పెట్టదు. అయితే మనిషిని లోపల కోసేది మెచ్చుకోకపోవడం కాదు, వంకర లెక్క. కార్డింగు ఖాతాలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న మన సభ్యుడొకరు ఉన్నారు. మిషను చప్పుడు విని ఎక్కడ తేడా ఉందో చెప్పగలరు. ఆయన దగ్గర ఆరు నెలలు పని నేర్చుకున్న కుర్రవాడు ఆఫీసు సిఫారసుతో ఆయనకే జాబరుగా వచ్చాడు. పని నేర్పినవాడు నిలబడి ఉన్నాడు, నేర్చుకున్నవాడు కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్రవాడి మీద మనకు కోపం లేదు, అతనూ మన బిడ్డే. ఏ లెక్కన ఇచ్చారని అడిగితే జవాబు చెప్పేవాడు లేడు, అదీ అసలు బాధ. మేస్త్రీకి కావలసినవాళ్లకు ఎప్పుడూ పగటి షిఫ్టే ఎలా పడుతుంది? బదిలీ కార్మికులుగా చేరినవాళ్లు పదేళ్లయినా గేటు దగ్గర పిలుపు కోసం ఎందుకు నిలబడాలి? వీటికీ జవాబు లేదు.

యాజమాన్యం దగ్గర దీనికో మందు ఉంది. ఆయుధపూజ రోజున ఒక శాలువా, ఒక గోడ గడియారం, "ఉత్తమ కార్మికుడు" అని ఒక కాగితం. ఎవరిని ఎంచుతారో, ఎలా ఎంచుతారో ఆఫీసు తలుపులు మూసుకుని నిర్ణయిస్తారు. ఒకరి భుజాన శాలువా పడితే నలభై మంది మనసులో ముల్లు గుచ్చుకుంటుంది. తీసుకున్నవాడు కూడా సిగ్గుతో ఇంటికి పోతాడు. మాకు తెలిసిన ఒకాయన ఆ గడియారాన్ని ఇంట్లో గోడకు తగిలించనే లేదు.

గుర్తింపు లేకుండా బతకడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పావగడ తాలూకా ఉండేది కర్ణాటకలో, మూడు వైపులా ఉండేది ఆంధ్ర, ఇళ్లలో మాట్లాడేది తెలుగు. అటువాళ్లకు మనం ఇటువాళ్లం, ఇటువాళ్లకు అటువాళ్లం. వెంకటమ్మనహళ్లి పేరు పత్రికల్లో పెద్ద అక్షరాలతో పడింది 2005 ఫిబ్రవరిలో, ఇక్కడ విడిది చేసిన పోలీసు దళంపై నక్సలైట్ల దాడి జరిగినప్పుడు. ఈ తాలూకా నీళ్లలోని ఫ్లోరైడు గురించి అంత పెద్ద అక్షరాలు ఎప్పుడూ పడలేదు. తర్వాత తిరుమణి, వళ్లూరు ప్రాంతాల్లో పదమూడు వేల ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. భూమి ఉన్నవాళ్లకు ఏటా కౌలు ముడుతోంది. ఆ భూముల్లో కలుపు తీసి, కాయ కోసిన కూలీల పేర్లు ఏ ఒప్పందంలోనూ లేవు. ఆ ఇళ్ల పిల్లలే కదా ఈరోజు మిల్లులకూ, బెంగళూరు గార్మెంట్లకూ బస్సులెక్కుతున్నది!

ఇక సంఘం సంగతి. ఇక్కడ బొంబాయి మిల్లుల కథ చెప్పుకోవాలి. అది మనవాళ్ల కథ కూడా. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరతరాలుగా పద్మశాలి కుటుంబాలు బొంబాయి మిల్లులకు పోయాయి. వర్లీ, పరేల్ చాళ్లలో తెలుగు వినబడేది. ఆ మిల్లులకు 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం వర్తించేది. ఆ చట్టం కింద ఒక ప్రాంతంలో ఒక పరిశ్రమకు ఒకే సంఘం ప్రతినిధి. బొంబాయి బట్టల మిల్లుల్లో ఆ హోదా రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్‌కు దక్కింది. అది సంతకం పెడితే సభ్యుడు కానివాడికి కూడా ఆ ఒప్పందమే శాసనం. దాన్ని దించాలంటే కార్మికులకు రహస్య ఓటు లేదు. పుస్తకాల్లో సభ్యత్వం చూపించినంత కాలం హోదా పదిలం.

ఆ సంఘానికి ప్రభుత్వ గుర్తింపు ఉంది, యాజమాన్య గుర్తింపు ఉంది. లేనిదల్లా కార్మికుడి గుర్తింపు. 1981లో దీపావళి బోనస్ దగ్గర ఆ కోపం బద్దలైంది. కార్మికులు గుంపులుగా ఘాట్కోపర్‌లో డాక్టర్ దత్తా సామంత్ ఇంటికి నడిచి వెళ్లి మాకు నాయకత్వం వహించమని అడిగారు. 1982 జనవరి 18న సమ్మె మొదలైంది. అరవై దాకా మిల్లులు, సుమారు రెండున్నర లక్షల కార్మికులు. జీతం పెంపుతో పాటు బదిలీ కార్మికుల పర్మనెంటు, ఆ 1946 చట్టం రద్దు వారి డిమాండ్లలో ఉన్నాయి. అంటే అది యజమానుల మీద సమ్మె మాత్రమే కాదు, తాము ఎన్నుకోని నాయకత్వం మీద సమ్మె కూడా.

ప్రభుత్వం దిగిరాలేదు. గుర్తింపు ఉన్న సంఘంతో తప్ప మాట్లాడం అన్నారు. ఏడాది దాటింది, ఇంట్లో గిన్నెలు అమ్ముకున్నారు, ఊళ్లకు పోయి కూలి చేశారు. ఆ సమ్మెను అధికారికంగా విరమించామని ఈనాటికీ ఎవరూ ప్రకటించలేదు. లక్షకు పైగా మంది ఉద్యోగాలు పోయాయి. మన తెలుగువాళ్లు కొందరు భివండీ మరమగ్గాలకు పోయారు, కొందరు సొంతూళ్లకు తిరిగివచ్చారు. 1997 జనవరి 16న దత్తా సామంత్‌ను కాల్చి చంపారు. మిల్లుల స్థలాల్లో ఇప్పుడు అంగళ్లు, అద్దాల మేడలు లేచాయి.

ఆ కార్మికుల పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. దత్తా సామంత్ నిజాయితీని శంకించే పని కూడా మాకు లేదు. ఒక్కటి మాత్రం చెప్పక తప్పదు. చెడ్డ నాయకత్వంతో విసిగిన మనిషి మంచి నాయకత్వాన్ని కట్టుకోవడానికి బదులు ఒక మంచి మనిషిని వెతుక్కుంటాడు. అన్నీ ఆయన చేతుల్లో పెట్టి "నువ్వే దిక్కు" అంటాడు. ఏ ఖాతా నుంచి ఎవరు మాట్లాడాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ఒప్పుకోవాలి అన్నది కింద నుంచి తేల్చే ఏర్పాటు లేకపోతే ఎంత గొప్ప సమ్మె అయినా ఒక మనిషి భుజాల మీదే నిలబడుతుంది.

మరో ఉదాహరణ మనకు దగ్గరది. 2016 ఏప్రిల్ 18, 19 తేదీల్లో బెంగళూరు గార్మెంటు ఆడవాళ్లు హోసూరు రోడ్డు మీదికి, తుమకూరు రోడ్డు మీదికి వచ్చి కూర్చున్నారు. ప్రావిడెంట్ ఫండులో యజమాని వాటా 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోవడానికి వీల్లేదని కేంద్రం ఆ ఫిబ్రవరిలో నిబంధన తెచ్చింది. 58 ఏళ్లదాకా ఏ గార్మెంటులో ఎవరిని ఉంచుతారు? బిడ్డ పెళ్లికో, ఆసుపత్రికో ఆ డబ్బే ఆధారం. ఏ సంఘమూ పిలుపు ఇవ్వలేదు. ఏ నాయకుడూ ముందు నడవలేదు. లాఠీలు పడ్డాయి, వాహనాలు తగలబడ్డాయి. రెండో రోజు సాయంత్రానికి కేంద్రం ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది. దేశంలో కోట్లమంది పీఎఫ్ చందాదారులకు ఆ లాభం దక్కింది. ఆ రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్ల పేర్లు ఎన్ని మనకు తెలుసు? ఒక్కటీ తెలియదు. తర్వాత కేసులు, అరెస్టులు వచ్చినప్పుడు వెనక నిలబడే బలమైన సంస్థ వాళ్లకు లేదు. గార్మెంటుల్లో సంఘాలు ఉన్నాయి, కానీ అక్కడి లక్షలమందిలో వాటి సభ్యులు కొద్దిమందే. 

ఇప్పుడు మన రశీదు పుస్తకాల దగ్గరికి వద్దాం. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఆ కోడ్‌ను మనం వ్యతిరేకిస్తున్నాం. మూసివేతకు, తొలగింపుకు ప్రభుత్వ అనుమతి అక్కర్లేని హద్దును వంద మంది నుంచి మూడు వందలకు పెంచిన చట్టాన్ని ఏ కార్మికుడు సమర్థిస్తాడు? అయినా అది అమల్లో ఉంది. దాని ప్రకారం ఒకటికి మించి సంఘాలు ఉన్నచోట మస్టర్ రోల్‌లోని కార్మికుల్లో 51 శాతం ఎవరి వెంట ఉంటే ఆ సంఘమే యాజమాన్యంతో చర్చలు జరుపుతుంది. ఎవరికీ అంత బలం లేకపోతే ప్రతి 20 శాతానికి ఒక ప్రతినిధి చొప్పున చర్చల మండలి ఏర్పడుతుంది. సగం ఖాళీగా వచ్చిన పుస్తకాల అర్థం ఇప్పుడు తెలిసింది కదా. "ఇక్కడా లెక్కలోకి రాము" అని చందా మానుకున్న ప్రతి మనిషీ ఆ 51లో నుంచి జారిపోతున్నాడు. ఆఫీసు గదిలో పుట్టిన సంఘం ఏదైనా ఆ ఖాళీలో వచ్చి కూర్చుంటుంది. బొంబాయిలో నలభై ఏళ్ల కిందట జరిగింది మన గేటు దగ్గర జరగడానికి పెద్ద సమ్మె అక్కర్లేదు, ఒక ఏడాది అలక చాలు.

అలిగినవాళ్లను తిట్టడం మా ఉద్దేశం కాదు. వాళ్ల అలకలో న్యాయం ఉంది. నెల పొడవునా చందా వసూలు చేసి, గేటు మీటింగుకు జనాన్ని పోగుచేసి, పోస్టర్లు అంటించేది రాత్రి షిఫ్టు కుర్రవాళ్లు, స్పిన్నింగు ఆడవాళ్లు. చర్చలకు వెళ్లేది, ఫొటోలో నిలబడేది ఎప్పుడూ ఆ నలుగురైదుగురే. ఒప్పందం మీద సంతకం అయ్యాక గానీ అందులో ఏముందో కింది సభ్యుడికి తెలియదు. సభల్లో చదివే నివేదిక సగం కన్నడ, సగం ఇంగ్లీషు. తెలుగు తప్ప రాని తల్లి చేయెత్తమన్నప్పుడు ఎత్తుతుంది, అంతే. మేస్త్రీ తన మనిషికి పగటి షిఫ్టు ఇస్తే పక్షపాతం అంటున్నాం. మరి కార్యవర్గం తన మనిషినే ప్రతినిధిగా పంపితే దాన్నేమనాలి? మన బాధ్యులకు ఇది చేదుగా ఉండవచ్చు. సంఘం పత్రికలో రాయకపోతే టీ అంగడి దగ్గర మాట్లాడుకుంటారు, ఇప్పటికే మాట్లాడుకుంటున్నారు.

కనుక కార్యవర్గాన్ని మేము అడిగేది ఇది. సన్మాన సభ పెట్టమని అడగడం లేదు. షిఫ్టుల మార్పు ఏ వరుసలో జరగాలో, బదిలీ కార్మికుల్లో ఎవరు ఎప్పుడు చేరారో చూపే జాబితా యాజమాన్యం నుంచి రాబట్టండి, అది గోడ మీద అంటించేదాకా వదలకండి. ఇరవై మంది గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ ఉన్న ప్రతి సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని చట్టమే చెబుతోంది. అందులో యాజమాన్యం వైపు ఎందరో కార్మికుల వైపు అందరే, ఆడవాళ్లకు సంఖ్యకు తగ్గ చోటు ఉండాలి, నెల రోజుల్లో విచారణ ముగించాలి. కార్డింగు ఖాతా అన్న అడిగిన "ఏ లెక్కన ఇచ్చారు" అనే ప్రశ్నకు ఆ కమిటీ ముందు జవాబు రాతలో రావాలి. ఆ కమిటీకి మన తరఫున ఎవరు పోవాలో మాత్రం మన ఆఫీసులో కూర్చుని రాయవద్దు. ఖాతా ఖాతాకూ చీటీలు వేయించండి. స్పిన్నింగు నుంచి ఆడమనిషే రావాలి.

ఒప్పందాల ముసాయిదా సంతకానికి ముందే తెలుగులోనూ కన్నడలోనూ చదివి వినిపించండి. చందా జమా ఖర్చులు ఏడాదికోసారి కాకుండా మూడు నెలలకోసారి పెట్టండి.

వచ్చే సర్వసభ్య సమావేశానికి ముందు ఈ కాగితాలన్నీ గేటు లోపల నీళ్ల డ్రమ్ము పక్క గోడ మీద ఉండాలి. మూడు షిఫ్టులవాళ్లూ నీళ్లు తాగేది అక్కడే. అవి కనబడిన రోజు నుంచి మళ్లీ రశీదు పుస్తకాలు పట్టుకుని ఊరూరూ తిరగడానికి ఈ పత్రిక పనివాళ్లం సిద్ధంగా ఉన్నాం. వెంకటమ్మనహళ్లి బస్టాండు నుంచే మొదలుపెడతాం.